కార్డు గీకితే అమ్మినట్టే

మీ పిల్లలెవరైనా జర్మనీలో ఉన్నారా? ఉంటే కుర్చీ కాస్త దగ్గరకు జరుపుకోండి, ఈ కబురు మీ కోసమే. లేకపోయినా వినండి, మీ వీధిలో ఎవరో ఒకరి అబ్బాయో అమ్మాయో అక్కడ ఉండే ఉంటారు. ఇప్పుడు ముదినేపల్లి సెంటర్లో బస్సెక్కి గుడివాడ వైపు వెళ్లినా, కైకలూరు వైపు వెళ్లినా పక్కసీటు పెద్దాయన్ని కదిపితే చాలు, ‘మావాడు మ్యూనిక్‌లో ఎమ్మెస్ అండీ’ అంటాడు. ఒకప్పుడు చదువంటే అమెరికానే. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదన్న సంగతి తెలిశాక మనవాళ్ల దారి అటు మళ్లింది. 2023-24 శీతాకాలపు సెమిస్టర్ నాటికే అక్కడ చదివే భారతీయులు 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం.

ఆ పిల్లల నోట ఈమధ్య ఒక కొత్త మాట వినిపిస్తోంది. ‘నాన్నా, నేను డబ్బు బ్యాంకులో ఉంచట్లేదు. డిజిటల్ డాలర్లు చేసి ఫోన్లో పెట్టుకున్నా. దానికో కార్డు ఇచ్చారు, ఎక్కడ గీకినా పనిచేస్తుంది. దీనికి ట్యాక్స్ కూడా లేదు.’ చెరువు గట్టు మీద మేత బస్తాలు దింపిస్తూ వీడియో కాల్లో ఈ మాట విన్న తండ్రి ‘సరే నాన్నా, జాగ్రత్త’ అని ఫోను పెట్టేస్తాడు. ఇంకేం అడగాలో ఆయనకు తెలియదు. పిల్లవాడు చెప్పినవాటిలో డబ్బు ఫోన్లో ఉందన్నది నిజమే, కార్డు పనిచేస్తుందన్నదీ నిజమే. పన్ను లేదన్న మాట మాత్రం నిజం కాదు. నా బెంగంతా దాని గురించే. ఆ కార్డు వాడొద్దని నేను అనను. యూరప్‌లో దాన్ని చట్టబద్ధంగా, పన్ను అనవసరంగా పోకుండా వాడుకునే పద్ధతి ఉంది. ఆ పద్ధతి పిల్లవాడికి తెలియాలి. సరైన ప్రశ్న అడిగేంత మేరకు తండ్రికీ తెలియాలి.

ముందు ఆ నాణెం సంగతి. స్టేబుల్‌కాయిన్ అంటే విలువ కదలకుండా కట్టేసిన క్రిప్టో నాణెం. బిట్‌కాయిన్‌లా ఇవాళ ఎక్కి రేపు దిగిపోదు. ఒక కంపెనీ తన దగ్గర డాలర్లు, అమెరికా ప్రభుత్వ బాండ్లు దాచి, వాటికి బదులుగా ఒక్కోటి ఒక డాలరు విలువ చేసే నాణేలు విడుదల చేస్తుంది. 2014లో మొదలైన టెథర్ వాళ్ల యూఎస్‌డీటీ, 2018లో వచ్చిన సర్కిల్ వాళ్ల యూఎస్‌డీసీ వీటిలో పెద్దవి. యూరోకు కట్టినవీ ఉన్నాయి, వాటి దగ్గరకు తర్వాత వస్తాను.

కార్డు మీద వీసా అనో మాస్టర్‌కార్డ్ అనో ఉంటుంది. బెర్లిన్‌లో కూరగాయల కొట్టువాడికి మీవాడి దగ్గర క్రిప్టో ఉందని తెలియనే తెలియదు. అతనికి యూరోలే ముడతాయి. మరి ఆ యూరోలు ఎక్కణ్నుంచి వచ్చాయి? కార్డు మెషిన్‌కు ఆనించిన క్షణంలో కార్డు కంపెనీ మీవాడి నాణేల్లో బిల్లుకు సరిపడా అమ్మేసి యూరోలు చేసి కొట్టువాడికి పంపింది. మన ఇళ్లల్లో పూర్వం గాదెలో వడ్లు ఉండేవి, చేతిలో రూపాయి ఉండేది కాదు. బజారు సరుకు కావాలంటే ముందు రెండు కుంచాలు వడ్లు అమ్మి, ఆ డబ్బుతో కొనుక్కునేవాళ్లు. ఇదీ అంతే. కాఫీ కొన్నామనుకుంటాం గానీ, అక్కడ ముందు జరిగింది అమ్మకం. జర్మనీ పన్నుల చట్టం చూసేది ఆ అమ్మకాన్నే. నెలకు అరవై సార్లు గీకితే అరవై అమ్మకాలు.

‘విలువ కదలని నాణేన్ని అమ్మితే లాభమెక్కడిది?’ అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్నే. నాణెం డాలరుతో పోలిస్తే కదలదు. మీవాడు బతికేది యూరోల్లో, పన్ను కట్టేదీ యూరోల్లోనే. 2022 జనవరిలో ఒక యూరోకు దాదాపు 1.13 డాలర్లు వచ్చేవి. అప్పుడు వెయ్యి యూరోలు పెట్టి 1,130 డాలరు నాణేలు కొన్నాడనుకోండి. ఆ సెప్టెంబరు చివరికి యూరో 0.97 డాలరుకు పడిపోయింది. అప్పుడు కార్డు గీకితే అవే నాణేలు సుమారు 1,165 యూరోలు. నాణెం అంగుళం కదలలేదు, చిట్టాలో 165 యూరోల లాభం వచ్చి కూర్చుంది. 2025లో కథ తిరగబడింది. జనవరిలో 1.04 దగ్గరున్న యూరో జూలైకి 1.17 అయింది. జనవరిలో వెయ్యి యూరోలకు కొన్న నాణేలు జూలైలో 890 యూరోలు కూడా చేయలేదు. ‘డాలర్లలో పెట్టుకుంటే భద్రం’ అని నమ్మిన పిల్లలు ఆరు నెలల్లో నూటికి పదకొండు వంతులు పోగొట్టుకున్నారు. అద్దె యూరోల్లో, తిండి యూరోల్లో, ట్రామ్ టికెట్టూ యూరోల్లో కట్టేవాడికి ఖర్చు డబ్బు డాలరు నాణేల్లో ఎందుకు అని ఆ తండ్రి ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది కదా!

ఇక జర్మనీ లెక్క చెబుతాను. సొంత క్రిప్టో అమ్మగా వచ్చిన లాభాన్ని వాళ్లు ప్రైవేటు అమ్మకాల ఆదాయంగా చూస్తారు. ఆదాయపన్ను చట్టంలో ఇది 23వ సెక్షన్. కొన్న ఏడాదిలోపు అమ్మితే లాభానికి పన్ను పడుతుంది, ఏడాది దాటాక అమ్మితే లాభమెంతైనా పన్ను లేదు. ఏడాదిలోపు అమ్మకాలన్నీ కలిపి ఒక క్యాలెండర్ సంవత్సరంలో లాభం 1,000 యూరోలకు తక్కువుంటే అప్పుడూ పన్ను లేదు. 2024కు ముందు ఈ గీత 600 దగ్గర ఉండేది. ఈ గీత సంగతి మాత్రం మెలకువగా వినండి. 999 యూరోల లాభానికి పన్ను సున్నా. 1,000 అయితే మొదటి యూరో నుంచి మొత్తానికీ పన్నే, మినహాయింపు ఏమీ మిగలదు. పైగా ఈ గీత కిందకు కార్డు లాభం ఒక్కటే రాదు, బిట్‌కాయిన్ అమ్మినా, ఈథర్ అమ్మినా అన్నీ కలుస్తాయి. బిట్‌కాయిన్ మీద 950 సంపాదించిన కుర్రాడికి కార్డు మీద వచ్చిన యాభై యూరోలే కొంప ముంచుతాయి. డిసెంబరు రాకముందే ఒకసారి కూడి చూసుకోవడం అందుకే అవసరం.

ఏడాది దాటితే పన్ను లేదన్న మాట పట్టుకుని చాలామంది ధీమాగా ఉంటారు. ప్రతి నెలా జీతంలో కొంత నాణేలుగా మార్చి ప్రతి నెలా గీకేసేవాడికి ఏడాది ఎక్కడ నిండుతుంది? ముందు కొన్నవి ముందు అమ్మినట్టు లెక్క కట్టే పద్ధతిలో, పొదుపు చేసిన పాత నాణేలు కాఫీలకూ బ్రెడ్డుకూ కరిగిపోయి, వాలెట్లో, అంటే నాణేలుండే ఫోన్ సంచిలో, నెల కిందటివే మిగులుతాయి. జర్మనీ ఆర్థిక శాఖ 2022 మే 10న ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ లెక్కను వాలెట్ వారీగా కట్టమన్నారు. తెలివైన పిల్లలు చేసేది ఏమిటంటే, దాచుకునే వాలెట్ వేరు, కార్డుకు తగిలించే వాలెట్ వేరు. దాచింది ఏడాది నిండేదాకా కదలదు, కార్డు వాలెట్లో నెల ఖర్చుకు మించి ఉండదు. ఇందులో దాపరికం లేదు, చట్టం ఇచ్చిన వెసులుబాటును వాడుకోవడమే.

కార్డు వాలెట్లో ఏ నాణెం ఉండాలి? నా మాట అడిగితే యూరో నాణెమే. సర్కిల్ వాళ్లదే ఈయూఆర్‌సీ ఉంది. ఐస్‌లాండ్ కంపెనీ మోనేరియం ఈయూఆర్‌ఈ విడుదల చేస్తుంది, గ్నోసిస్ పే అనే వీసా కార్డు దాని మీద నడుస్తుంది. యూరో పెట్టి యూరో నాణెం కొని, యూరోకే అమ్మితే లాభం పుట్టే చోటే లేదు. రాసుకోవడం తప్పదు గానీ, గుండె దడ ఉండదు. ఒక్క మెలిక. చేతిలో ఉన్న డాలరు నాణేలను యూరో నాణేలుగా మార్చుకోవడం కూడా జర్మనీలో అమ్మకమే. క్రిప్టోకు క్రిప్టో ఇచ్చుకున్నా ఆ రోజు యూరో విలువ కట్టి లాభనష్టాలు రాయాలి. పక్కనే ఉన్న ఫ్రాన్స్‌లో అలా మార్చుకుంటే పన్ను లేదు, ఖర్చు పెట్టినప్పుడే లెక్క. అక్కడ మినహాయింపు ఏడాదికి మొత్తం 305 యూరోల అమ్మకాల వరకే, లాభం మీద కాదు. నెల సరుకులకే అది దాటిపోతుంది. పోర్చుగల్‌లో 365 రోజులు దాటితే పన్ను లేదు, లోపైతే 28 శాతం. చెప్పొచ్చేదేమంటే, లిస్బన్‌లో ఉన్న స్నేహితుడు చెప్పిన చిట్కా లైప్జిగ్‌లో ఉన్నవాడికి పనికి రాదు. యూరప్ అంతటికీ నాణేల చట్టం ఒకటే, పన్నుల చట్టం మాత్రం ఏ దేశానిది ఆ దేశానిదే.

ఆ నాణేల చట్టం పేరు మైకా. 2023లో చేశారు. స్టేబుల్‌కాయిన్ల భాగం 2024 జూన్ 30న, మిగతాది ఆ డిసెంబరు 30న అమల్లోకి వచ్చాయి. డాలరుకో యూరోకో కట్టిన నాణెం యూరప్ జనానికి అమ్మాలంటే, విడుదల చేసేవాడికి బ్యాంకు లైసెన్సో ఎలక్ట్రానిక్ మనీ లైసెన్సో ఉండాలి. నాణెం వెనక్కిచ్చి డబ్బు అడిగితే ఎప్పుడైనా పూర్తి ముఖవిలువ ఇవ్వాలి. సర్కిల్ 2024 జూలై 1న ఫ్రాన్స్‌లో లైసెన్సు సంపాదించింది. టెథర్ ఆ దారిలోకి రాలేదు. దాంతో 2024 డిసెంబరులో కాయిన్‌బేస్, 2025 మార్చి చివరికి బైనాన్స్ యూరప్ ఖాతాదారులకు యూఎస్‌డీటీ క్రయవిక్రయాలు ఆపేశాయి. మన కుర్రాళ్ల నోట ఎక్కువగా నలిగే పేరు యూఎస్‌డీటీయే కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. దాన్ని దగ్గర పెట్టుకోవడం అక్కడ నేరం కాదు. కానీ దాన్ని తిరిగి యూరోలు చేసుకునే పద్ధతైన తలుపులు ఒక్కోటే మూసుకుపోయాయి. మిగిలినవి ఊరూ పేరూ లేని మనుషుల తలుపులు.

మైకాలో నాకు బాగా నచ్చిన సంగతి మరోటి ఉంది. ఈ రకం నాణేల మీద వడ్డీ ఇవ్వకూడదని అందులో రాశారు. విడుదల చేసే కంపెనీ ఇవ్వకూడదు, మధ్యలో సేవలందించేవాళ్లూ ఇవ్వకూడదు. అగ్రిగోల్డ్‌లో పైసా పైసా కూడబెట్టి కట్టి, ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగిన కుటుంబాలు మన కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఎన్నో. ఆ బాధ చూసినవాళ్లకు వడ్డీ ఆశ ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. 2022 మేలో టెర్రా అనే డాలరు నాణెం కుప్పకూలినప్పుడూ ఇంతే. నూటికి ఇరవైకి దగ్గరగా వడ్డీ అన్న ఆశతో ప్రపంచం నలుమూలల నుంచి జనం అందులో డబ్బు పోశారు. దాని వెనుక డాలర్లు లేవు, మరో నాణెం మాత్రమే ఉంది. నిజంగా డాలర్లున్న యూఎస్‌డీసీకి కూడా 2023 మార్చిలో గట్టి దెబ్బ తగిలింది. దాని నిల్వల్లో 330 కోట్ల డాలర్లు సిలికాన్ వ్యాలీ బ్యాంకులో ఇరుక్కుపోగా, వారాంతంలో నాణెం తొంభై సెంట్ల కిందకు జారింది. అమెరికా ప్రభుత్వం డిపాజిట్లకు భరోసా ఇచ్చాకే మళ్లీ డాలరుకు చేరింది. ఆ శనివారం సరుకులకని కార్డు గీకినవాడి నష్టం గీకినప్పుడే ఖాయమైంది.

నాణెం సంగతి ఇలా ఉంటే, కార్డు సంగతి ఇంకా ఆలోచించాల్సింది. కార్డు మీద పేరు ఒకరిది ఉంటుంది, దాన్ని నిజంగా జారీ చేసేది మరొకరు. 2018 జనవరి మొదట్లో, వేవ్‌క్రెస్ట్ అనే జిబ్రాల్టర్ సంస్థను వీసా తన సభ్యత్వం నుంచి తప్పించింది. యూరప్‌లో అనేక క్రిప్టో కంపెనీలు ఆ ఒక్క సంస్థ మీదే ఆధారపడి కార్డులు ఇచ్చాయి. ఆ కార్డులన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. రెండేళ్ల తర్వాత వైర్‌కార్డ్ వంతు. మ్యూనిక్ పక్కన ఆష్‌హైమ్ కేంద్రంగా నడిచిన కంపెనీ అది. 2018 సెప్టెంబరులో జర్మనీ అగ్రశ్రేణి కంపెనీల సూచీ డాక్స్‌లోకి ఎక్కింది. 2020 జూన్‌లో, పుస్తకాల్లో చూపించిన 190 కోట్ల యూరోలు అసలు లేవని బయటపడింది. జూన్ 25న దివాలా పిటిషన్ వేసింది. మరుసటి రోజే బ్రిటన్ నియంత్రణ సంస్థ న్యూకాసిల్‌లోని దాని కార్డుల విభాగాన్ని స్తంభింపజేసింది. క్రిప్టో డాట్ కామ్ లాంటి కంపెనీల కార్డులు వెళ్లేది ఆ విభాగం ద్వారానే. నాలుగు రోజులకు తాళం తీశారు గానీ, ఆ నాలుగు రోజులూ జీతం డబ్బంతా ఆ కార్డులో పోసుకున్నవాళ్లు ఏం తిన్నారు? అందుకే అంటున్నాను, కార్డులో ఉంచేది వారం పది రోజుల ఖర్చే ఉండాలి. మామూలు జర్మన్ బ్యాంకు ఖాతా ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. అద్దె, ఆరోగ్య బీమా అందులోంచే పోవాలి.

కొందరు పిల్లలకు అసలు జీతమే నాణేల్లో వస్తోంది. దూరదేశంలోని ఏ కంపెనీకో కోడ్ రాసిపెడితే యూఎస్‌డీసీ పంపుతారు. ఇక్కడ రెండు సంగతులు విడివిడిగా చూడాలి. వచ్చిన రోజు ఆ నాణేల యూరో విలువ ఎంతో అంతా ఆదాయం కిందకే వస్తుంది, ఏడాది నియమం దానికి వర్తించదు. ఆ రోజు విలువే తర్వాత కొనుగోలు ధర అవుతుంది, గీకినప్పుడు మళ్లీ లాభనష్టాల లెక్క మొదలవుతుంది. పైగా విద్యార్థి వీసా మీద ఉన్నవాడు ఫ్రీలాన్స్ పని చేయాలంటే అక్కడి విదేశీయుల కార్యాలయం నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. ఉద్యోగం కింద ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చన్న వెసులుబాటు ఫ్రీలాన్స్‌కు వర్తించదు. ఇక ఉద్యోగమే అయితే, యజమాని మొత్తం జీతం క్రిప్టోలో ఇస్తానంటే కుదరదు. ఎర్ఫుర్ట్‌లోని ఫెడరల్ కార్మిక న్యాయస్థానం 2025 ఏప్రిల్ 16న తీర్పు చెప్పింది. ఉద్యోగికి మేలైతే కొంత భాగం క్రిప్టోలో ఇవ్వొచ్చు గానీ, అప్పులవాళ్లు కూడా జప్తు చేయడానికి వీల్లేని కనీస భాగం డబ్బు రూపంలోనే చెల్లించాలని.

ఇప్పుడు మన గడప దగ్గరకు వద్దాం. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే.

పిల్లవాడికి ఉద్యోగం వచ్చింది, ఇంటికి డబ్బు పంపుతానన్నాడు. చెరువు లీజు కట్టాలి, పిల్ల వేయాలి, మేత బాకీ తీర్చాలి. ‘బ్యాంకు ఎందుకు నాన్నా, యూఎస్‌డీటీ పంపుతా, పది నిమిషాల్లో వస్తుంది. మీరు యాప్‌లో అమ్మేసుకోండి, కొన్నవాడు మీ ఖాతాలో వేస్తాడు’ అంటాడు. దీనికి ఒప్పుకోవద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను. ఎందుకో వినండి.

యాప్‌లో మీ నాణేలు కొన్న ఆ అజ్ఞాత వ్యక్తి ఎవరు? అతను మీ ఖాతాలో వేసిన డబ్బు ఎక్కడిది? ఏ సైబర్ మోసగాడో ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బు అయితే, పోగొట్టుకున్నవాళ్లు 1930కి ఫోన్ చేయగానే ఆ డబ్బు నడిచిన దారిలో ఉన్న ఖాతాల మీద పడతారు. ఏ రాష్ట్రం పోలీసుల నుంచో మీ బ్యాంకుకు ఆదేశం వస్తుంది. మీ ఖాతాలో డబ్బు ఆగిపోతుంది. చేపలు అమ్మిన కోల్‌కతా వ్యాపారి వేసిన డబ్బు కూడా అదే ఖాతాలో ఉంటే అదీ కదలదు. పట్టుబడి రోజున ఐస్‌కు, కూలీలకు, లారీకి చేతిలో రూపాయి లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? దేశమంతా ఇలా ఎంతోమంది ఖాతాలు ఆగిపోయాయి, ఏ నేరమూ చేయనివాళ్లవి.

పన్నుల వైపు చూసినా ఆ దారి మేలు కాదు. కొడుకు బ్యాంకు ద్వారా తల్లిదండ్రులకు పంపిన డబ్బుకు మన దగ్గర ఆదాయపన్ను లేదు, దగ్గరి బంధువు ఇచ్చిన బహుమతి అది. అదే నాణేలుగా వస్తే, అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న నియమమిది. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయనివ్వరు, ఒకదానిలో నష్టం వస్తే మరోదాని లాభంలో సర్దుకోనివ్వరు. 2022 జూలై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ కూడా ఉంది. రిటర్నులో విడిగా షెడ్యూలు నింపాలి.

ఇంకో సంగతి చాలామంది కొడుకులకు తెలియదు, వింటే నిమిషంలో మనసు మార్చుకుంటారు. వేరే ఆదాయం, ఆస్తి పెద్దగా లేని తల్లిదండ్రులను పోషిస్తే, ఆ మొత్తాన్ని జర్మనీలో తన ఆదాయం నుంచి కొంత తగ్గించి చూపుకునే హక్కు కొడుక్కి ఉంది. చట్టంలో 33ఏ సెక్షన్. 2025లో గరిష్ఠం 12,096 యూరోలు, భారతదేశంలో జీవన వ్యయం తక్కువ కాబట్టి మనకు అందులో పావు వంతు, అంటే 3,024. తల్లిదండ్రుల పరిస్థితికి ఇక్కడి అధికారి ధ్రువీకరణ జత చేయాలి. 2025 నుంచి దీనికి ఒక షరతు బిగించారు. డబ్బు తప్పనిసరిగా బ్యాంకు బదిలీగా, పోషణ పొందే మనిషి ఖాతాలోనే పడాలి. చేతికిచ్చినా, స్నేహితుడితో పంపినా, నాణేలుగా పంపినా తగ్గింపు రాదు. పది నిమిషాల్లో చేరే నాణెం కోసం ఈ హక్కు వదులుకోవడం ఏం లెక్క?

డబ్బు ఇటు నుంచి అటు వెళ్లేటప్పుడూ మాట్లాడుకోవాల్సింది ఉంది. జర్మనీ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపాలి, నెలకు 992 చొప్పున వదులుతారు. ఆ తర్వాత పిల్లవాడికి చాలకపోతే, ‘బెజవాడలో ఒకాయనకు నగదు ఇస్తే మీవాడి ఫోన్లో నాణేలు వేస్తాడట’ అని ఎవరో చెబుతారు. అది హవాలాకు కొత్త చొక్కా తొడగడమే. ఇక్కడ నివసించే మనం విదేశానికి డబ్బు పంపాల్సింది రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకుల ద్వారా. మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా అవకాశం ఉంది, మనకు అంతకు మించి ఏం కావాలి? బ్యాంకు ఇచ్చిన విద్యారుణం డబ్బైతే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ కూడా లేదు. సొంత డబ్బైనా పది లక్షలు దాటిన భాగం మీదే, అదీ రిటర్నులో వెనక్కి వచ్చేదే. పక్కదారి పట్టి దొరికితే ఫెమా చట్టం కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు.

‘అందరూ చేస్తున్నారు కదండీ’ అంటారు. మన పక్కన మండవల్లి, కైకలూరు మండలాల్లో కొల్లేటి గర్భంలో చెరువులు తవ్వినప్పుడూ అందరూ తవ్వారు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని ప్రకటించినా అందరూ తవ్వుతూనే ఉన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో యంత్రాలు వచ్చి గట్లు తెగ్గొట్టినప్పుడు ఎవరి అప్పు వారి నెత్తినే మిగిలింది. ఆ కుటుంబాల్లో కొన్నింటి పిల్లలే ఇప్పుడు జర్మనీలో ఉన్నారు. చట్టం ఆలస్యంగా వచ్చినా వస్తుందని వాళ్ల ఇళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. యూరప్‌లో ఈసారి ఆలస్యం కూడా లేదు. 2026 జనవరి 1 నుంచి అక్కడి క్రిప్టో కంపెనీలు ఖాతాదారుల లావాదేవీల వివరాలు కూడబెట్టి పన్నుల శాఖలకు ఇవ్వాలి, మొదటి నివేదికలు 2027లో. మీవాడు రాసుకున్నా రాసుకోకపోయినా ఫినాన్‌జామ్ట్ అనే అక్కడి పన్నుల కార్యాలయం దగ్గర లెక్క ఉంటుంది. వాళ్ల లెక్కలో కొన్న ధర లేకపోతే అది నిరూపించుకోవాల్సిన భారం మీవాడిదే.

అక్కడి ఉద్యోగం ముగించుకుని తిరిగి వచ్చేద్దామనుకునే పిల్లలకు ఒక మాట. ఏడాది దాటిన నాణేలు జర్మనీలో ఉండగా అమ్మితే అక్కడ పన్ను లేదు. ఎన్నారైగా ఉన్నంతకాలం అక్కడ జరిగిన ఆ అమ్మకం ఇండియా పన్నులోకీ రాదు. అవే నాణేలు పట్టుకుని వచ్చి, ఇక్కడ పూర్తి స్థాయి రెసిడెంట్ అయ్యాక అమ్మితే 30 శాతం. విదేశంలో మిగిలిన ఖాతాలు, ఆస్తులు రిటర్నులో చూపించాల్సిన బాధ్యత కూడా అప్పటి నుంచే మొదలవుతుంది. టికెట్టు కొనేముందే ఈ సంగతి తేల్చుకుంటే ఎన్నో ఏళ్ల పొదుపు మీద వచ్చిన లాభంలో దాదాపు మూడో వంతు నిలుస్తుంది. ఇంత తేలికగా, ఇంత న్యాయంగా మిగిలే డబ్బు మరోటి నాకు కనిపించలేదు.

మరి చిట్టా ఎలా రాయాలి? మన పెద్దలు రాసినట్టే. తేదీ, ఏ నాణెం, ఎన్ని, ఆ రోజు యూరో విలువ, కంపెనీ పట్టుకున్న రుసుము, ఎందుకు గీకాడు. కొన్నప్పుడూ ఇంతే. చేత్తో రాయక్కర్లేదు, కార్డు కంపెనీ యాప్‌లోనే లావాదేవీల ఫైలు దించుకునే వీలుంటుంది, దాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. నష్టాలు కూడా రాయాలి. 2025లో డాలరు నాణేల మీద పోయింది రాసి రిటర్నులో చూపించుకుంటే, తర్వాతి ఏళ్లలో ఇదే రకం లాభం వచ్చినప్పుడు తగ్గించుకోవచ్చు. రాయనివాడికి నష్టం ఒకసారి, పన్ను ఒకసారి, రెండు దెబ్బలు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు వాణ్ని కోప్పడకండి. ఏ నాణెం, ఎవరి లైసెన్సు, అద్దె కట్టే బ్యాంకు ఖాతా వేరే ఉందా లేదా అని మాత్రం అడగండి. ఒక ఏడాది ఖర్చుల లెక్క మరుసటి ఏడాది జూలై 31 లోపు ఎల్స్టర్ అనే పన్నుల పోర్టల్లో వేయాలి, లాభం గీత దాటినట్టు అనిపిస్తే స్టాయర్‌బెరాటర్ అనే అక్కడి పన్నుల సలహాదారుకు ఫీజు ఇచ్చి చేయించుకోమనండి. వేవ్‌క్రెస్ట్ కార్డుల్లా ఏ కంపెనీ ఎప్పుడు ఆగిపోతుందో ముందు తెలియదు కాబట్టి, లావాదేవీల ఫైలు మాత్రం జూలై దాకా ఆగకుండా ఈ వారమే దించి, ఒక కాపీ మీ ఫోనుకూ పంపమనండి.